ఇనుమును వేరు చేసిన చెవి

అగోచరాన్ని వెదికిన యంత్రాలు: 8వ భాగం

కిందటి భాగంలో ఇనుప ఓడలు దిక్సూచిని ఎలా దారి తప్పించాయో, 1838లో జార్జ్ ఎయిరీ ఆ తప్పును అయస్కాంతాలతోనూ ఇనుప ముక్కలతోనూ ఎలా సరిదిద్దాడో చూశాం. అక్కడ చిక్కంతా ఇనుముకున్న ఒక గుణంతో వచ్చింది. చుట్టుపక్కల ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని అది తనలోకి లాక్కుంటుంది. నావికులను ఏడిపించిన ఆ గుణమే మెటల్ డిటెక్టర్ చరిత్రలో మొదట అడ్డంకిగా ఎదురై, తర్వాత ఆనవాలుగా పనికొచ్చింది. గుడి వాకిట్లో, విమానాశ్రయంలో మనం దాటి వెళ్ళే చట్రం మొదలు పొలాల్లో నాణేల కోసం తిప్పే కర్ర దాకా అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే. నేలలో లోహం ఉందని తెలుసుకోవడానికి మనిషికి ఎక్కువ కాలం పట్టలేదు. అది ఇనుమా, మరొకటా అన్నది తేల్చుకోవడానికే దాదాపు వందేళ్ళు పట్టింది.

అధ్యక్షుడి పడక దగ్గర

1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో ఉండగా చార్లెస్ గిటో అనేవాడు వెనకనుంచి రెండుసార్లు కాల్చాడు. ఒక తూటా చేతిని ఒరుసుకుంటూ పోయింది. రెండోది వీపులోంచి దూరి ఒంట్లో ఎక్కడో ఆగిపోయింది. ఎక్స్‌-రేలు వెలుగుచూడటానికి ఇంకా 14 ఏళ్ళుంది. వైద్యులు కడుక్కోని వేళ్ళతో, శుభ్రం చేయని సలాకలతో గాయాన్ని కెలికి చూశారు. తూటా దొరకలేదు, చీము పట్టింది.

ఆ వార్త అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ను కదిలించింది. టెలిఫోన్ కనిపెట్టి అప్పటికి ఐదేళ్ళే. కోత లేకుండా, నొప్పి లేకుండా తూటా జాడ చెప్పే యంత్రం చేయవచ్చని ఆయనకు తోచింది. సహాయకుడు సమ్నర్ టెయింటర్‌తో కలిసి రాత్రింబగళ్ళు పనిచేశాడు. మాంసపు ముద్దలో సీసపు తూటా దాచి పరీక్షించాడు. అంతర్యుద్ధంలో తగిలిన తూటాను ఒంట్లోనే మోస్తున్న మాజీ సైనికుడి మీద కూడా పరీక్షించాడు. యంత్రం పలికింది.

జులై 26 సాయంత్రం శ్వేతసౌధంలో తొలి ప్రయత్నం జరిగింది. టెలిఫోన్ రిసీవర్ బెల్ చెవి దగ్గర ఉంది. అధ్యక్షుడి ఒంటిమీదుగా తీగచుట్టను జరుపుతూ పోయారు. వినిపించింది చిటపట శబ్దమే. యంత్రంలో కండెన్సర్‌ను సరిగా కలపలేదని తర్వాత తెలిసింది. దాన్ని సరిచేసి ఆగస్టు 1న మళ్ళీ వెళ్ళాడు. ఈసారి సన్నని ధ్వని వినిపించింది కానీ ఒక్క బిందువు దగ్గర ఆగలేదు, వెడల్పుగా పరుచుకుంది. తూటా అంత చోటు ఆక్రమించదు కదా! బెల్‌కు అనుమానం వచ్చింది. మర్నాడు శ్వేతసౌధానికి వెళ్ళి మంచం దగ్గర లోహం ఏమైనా ఉందా అని అడిగాడు. అప్పుడు గానీ అక్కడివాళ్ళకు గుర్తురాలేదు: గుర్రపు వెంట్రుకల పరుపు కింద ఉక్కు తీగలతో అల్లిన మరో పరుపు ఉంది.

ఆ ఉక్కు పరుపే యంత్రాన్ని ఓడించిందని లోకం చెప్పుకుంది. బెల్ మాత్రం అంత తేలిగ్గా సరిపెట్టుకోలేదు. అలాంటి పరుపునే తెప్పించి పరీక్షించాడు. దాని ప్రభావం తాను అనుకున్నంత లేదన్న అభిప్రాయానికి వచ్చాడు. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక శవపరీక్షలో నిజం తేలింది. తూటా వెన్నును దాటి ఎడమవైపున, క్లోమం వెనక, చాలా లోతున ఉంది. ప్రధాన వైద్యుడు విలార్డ్ బ్లిస్ అది కుడివైపే ఉందని నమ్మాడు, కుడివైపే వెదకనిచ్చాడు.

కారణం ఏదైనా, బెల్ ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం అసలైనది. చెవిలో ధ్వని వినిపిస్తోంది. అది సీసమా, ఉక్కా? యంత్రం చెప్పలేదు. ఈ రంగంలో తర్వాత వచ్చిన ప్రతి తరమూ ఆ ప్రశ్నకే బదులు వెదికింది.

హ్యూస్ సాధించిన నిశ్శబ్దం

బెల్ వాడుకున్న సూత్రం అంతకు రెండేళ్ళ ముందు లండన్‌లో రూపుదిద్దుకుంది. మైక్రోఫోన్‌తో పేరు తెచ్చుకున్న డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ 1879లో ఒక పరికరం తయారుచేశాడు. రెండు జతల తీగచుట్టలు, ఒక బ్యాటరీ, ఒక గడియారం, ఒక మైక్రోఫోన్, ఒక టెలిఫోన్ రిసీవర్. గడియారం టిక్కుటిక్కుమన్నప్పుడల్లా మైక్రోఫోన్ కరెంటును కదిలిస్తుంది. ఆ కదలిక రెండు జతల్లోనూ ప్రేరణ పుట్టిస్తుంది. ఒక జతలో పుట్టినది రెండో జతలో పుట్టినదాన్ని సరిగ్గా రద్దు చేసేలా అమర్చాడు. అప్పుడు రిసీవర్‌లో పూర్తి నిశ్శబ్దం.

ఒక జతలో నాణెం పెట్టగానే గడియారం టిక్కు వినిపించేది. రెండో జతలో అచ్చంగా అలాంటి నాణేన్నే పెడితే మళ్ళీ నిశ్శబ్దం. టంకశాల నుంచి అప్పుడే వచ్చిన షిల్లింగుకూ, చేతులు మారి అరిగిన షిల్లింగుకూ ఉన్న తేడాను సైతం అది పట్టేసేది. దొంగ నాణెమైతే చెప్పనక్కర్లేదు. ఇంత సున్నితమైన పరికరానికీ ఒక లోటుంది. పోల్చడానికి పక్కన మరో నాణెం ఉంటేనే అది తీర్పు చెప్పగలదు. నేలలో పాతుకుపోయిన వస్తువుకు జతగా పెట్టడానికి మన చేతిలో ఏముంటుంది? అది ఎంత లోతున ఉందో, ఎంత పెద్దదో కూడా తెలియదాయె.

ఇనుము చెప్పే రెండు జవాబులు

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లోహం లోపల ఏం జరుగుతుందో చూడాలి. తీగచుట్టలో కరెంటును సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుస్తూ పంపితే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా అదే లయలో పెరుగుతుంది, తరుగుతుంది, దిశ మార్చుకుంటుంది. మారుతున్న క్షేత్రం దగ్గరలోని లోహంలో కరెంటు పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లోనే చూపించాడు. నాణెం లాంటి ముద్దలో ఆ కరెంటు బయటికి పోవడానికి దారి ఉండదు, అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. వీటినే సుడి కరెంట్లు అంటాం. తమను పుట్టించిన మార్పును ఎదిరించడం వాటి స్వభావం. బంగారం, వెండి, రాగి, సీసం, అల్యూమినియం ఏదైనా సరే, పైనుంచి వచ్చిన క్షేత్రానికి ఎదురు క్షేత్రం పుట్టిస్తుంది.

ఇనుములోనూ సుడి కరెంట్లు పుడతాయి. దానితోపాటు ఇంకొకటి కూడా జరుగుతుంది. ఇనుములో లెక్కలేనన్ని చిన్న చిన్న అయస్కాంత ప్రాంతాలుంటాయి. క్షేత్రం తగలగానే అవి దానివైపు తిరుగుతాయి. అంటే ఇనుము క్షేత్రాన్ని ఎదిరించకుండా దానికి బలం కూడగడుతుంది. ఒకే మేకు ఒకే సమయంలో రెండు విరుద్ధమైన జవాబులు చెబుతుంది: అయస్కాంతంగా మారి ఊతమిస్తుంది, సుడి కరెంట్లతో అడ్డుపడుతుంది. ఇనుమును మిగతా లోహాలనుంచి విడదీసే రహస్యమంతా ఈ రెండు జవాబుల్లోనే ఉంది. ధ్వని ఎంత గట్టిగా ఉందో మాత్రమే వినే యంత్రానికి ఆ తేడా అందదు. పైపైన ఉన్న చిన్న మేకూ, లోతున ఉన్న పెద్ద వెండి నాణెమూ ఒకే మోతాదులో పలకవచ్చు.

గనుల కొండల నుంచి అల్ అలమైన్ దాకా

బెల్ తర్వాత యాభై ఏళ్ళు గడిచినా యంత్రం పెద్దగా మారలేదు. జర్మనీ నుంచి అమెరికా వలస వచ్చిన గెర్హార్డ్ ఫిషర్ రేడియో తరంగాలతో విమానాలకు దిశ చూపే పరికరాల మీద పనిచేశాడు. లోహం, ఖనిజం ఎక్కువగా ఉన్నచోట్ల ఆ పరికరాలు తప్పు దిశ చూపుతున్నాయని గమనించాడు. రేడియో తరంగాన్ని లోహం పక్కకు తిప్పగలిగితే, ఆ తిప్పుడుతోనే లోహాన్ని పట్టవచ్చు గదా అనుకున్నాడు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో చిన్న పరిశోధనశాల పెట్టి 'మెటలోస్కోప్' తయారుచేశాడు. 1933లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1937 జనవరిలో అది మంజూరైంది. కర్రలతో కలిపిన రెండు పెట్టెలు: ఒకదాంట్లో ప్రసారిణి, ఇంకోదాంట్లో గ్రాహకం. భూమిలోని పైపులకూ, ఖనిజానికీ అది బాగా పనికొచ్చింది.

యుద్ధం వచ్చేసరికి అవసరం మారింది. ఫ్రాన్స్ పతనమయ్యాక బ్రిటన్ చేరిన పోలండ్ సైన్యంలో యూజెఫ్ కొసాట్‌స్కి అనే సిగ్నల్ అధికారి ఉన్నాడు. 1941లో స్కాట్లండ్‌లో ఆయన మందుపాతరలు కనిపెట్టే పరికరం తయారుచేశాడు. ఒక తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, రెండోది వింటుంది, సైనికుడి చెవులకు హెడ్‌ఫోన్లు. బరువు దాదాపు 14 కిలోలు. 1942 అక్టోబర్‌లో ఈజిప్టులోని అల్ అలమైన్ దగ్గర బ్రిటన్ ఎనిమిదో సైన్యానికి 500 పరికరాలు అందాయి. ఇసుకలో దారి క్లియర్ చేసే వేగం గంటకు 100 మీటర్ల నుంచి 200 మీటర్లకు పెరిగింది. కొసాట్‌స్కి పేటెంటు తీసుకోలేదు. జర్మన్ల చేతిలో ఉన్న పోలండ్‌లో తన కుటుంబానికి హాని జరగకూడదని పేరు కూడా మార్చుకుని పనిచేశాడు. వేలమంది ప్రాణాలు నిలబెట్టిన ఈ మనిషిని చరిత్ర తలుచుకోవలసినంతగా తలుచుకోలేదు.

ఎడారిలో ఇనుమూ ఇత్తడీ తేడా తెలియనక్కర్లేదు. అక్కడ మోగినదల్లా ప్రమాదమే. యుద్ధం ముగిసి, ఆ పరికరాలు సరదాగా నాణేలు వెదికేవాళ్ళ చేతుల్లోకి వచ్చాకే అసలు చిక్కు బయటపడింది. వందల ఏళ్ళు మనుషులు తిరిగిన నేలంతా మేకులు, నాడాలు, తీగ ముక్కలు, నాగలి కర్రు విరుగుళ్ళు. పది చోట్ల మోగితే తొమ్మిది చోట్ల తుప్పే.

ఎంత కాదు, ఎప్పుడు

1950, 60 దశకాల్లో ఎక్కువగా వాడిన యంత్రాల్లో రెండు ఆసిలేటర్లు, అంటే అటూ ఇటూ మారే కరెంటును పుట్టించే వలయాలు, ఉండేవి. లోహం దగ్గరికి రాగానే వాటి మధ్య పౌనఃపున్యం తేడా మారి చెవిలో స్వరం పైకో కిందికో జరిగేది. ఇనుముకు ఒకవైపు, రాగికి రెండోవైపు జరగడం అనుభవజ్ఞులు గమనించారు. గుర్తు దొరికింది కానీ నమ్మదగిన గుర్తు కాదు. నేలలోని ఖనిజం కూడా స్వరాన్ని అటూ ఇటూ లాగేది.

దారి చూపింది కాలం. జవాబు ఎంత బలంగా వచ్చిందన్నది పక్కనపెట్టి, ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలవడం మొదలుపెట్టారు. ఖాళీ ఎడ్లబండి ఎడ్లు కదిలీ కదలగానే కదులుతుంది, అవి ఆగగానే ఆగుతుంది. ధాన్యం బస్తాలు నింపిన బండి కదలడానికీ ఆలస్యం చేస్తుంది, ఆగడానికీ ఆలస్యం చేస్తుంది. పలచని అల్యూమినియం రేకులో సుడి కరెంట్లు ఖాళీ బండిలా పుట్టిన వెంటనే అణగిపోతాయి. దళసరి వెండి నాణెంలో నిరోధం తక్కువ కనక నిండు బండిలా చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి.

ఈ ఆలస్యాన్ని డిగ్రీల్లో లెక్కిస్తారు. క్షేత్రం ఒక పూర్తి చుట్టు తిరిగి వస్తే 360 డిగ్రీలు. సెకనుకు 10,000 చుట్లు తిరిగే యంత్రంలో ఒక చుట్టుకు 100 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక డిగ్రీ అంటే సెకనులో 36 లక్షల వంతు. సుడి కరెంట్ల జవాబు పంపిన క్షేత్రం కంటే కనీసం 90 డిగ్రీలు వెనకబడి వస్తుంది. పలచని రేకు, సన్నని బంగారు ఉంగరం 90కి కాస్త అటువైపున ఉంటాయి. దళసరి రాగి, వెండి 180 వైపు జరుగుతాయి. అయస్కాంతమై ఊతమిచ్చే ఇనుము జవాబు మాత్రం దాదాపు ఆలస్యం లేకుండా, సున్నా డిగ్రీల దగ్గర వస్తుంది. తన సుడి కరెంట్లు కలిసి దాన్ని కొంచెం వెనక్కి లాగినా చిన్న మేకు సాధారణంగా 90 దాటదు. అలా 90 డిగ్రీల గీతే సరిహద్దయింది.

కొలిచే పద్ధతి కూడా తెలివైనదే. ఒకే చుట్టులో రెండు వేర్వేరు క్షణాల్లో జవాబును నమూనాగా తీసుకుంటారు. ఆ రెండు కొలతల నిష్పత్తి చూస్తారు. వస్తువు లోతుకు వెళ్ళేకొద్దీ రెండు కొలతలూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. బెల్ చెవిని మోసం చేసిన దూరం ఇలా లెక్కలోంచి తప్పుకుంది. ఇనుము వైపు నిష్పత్తి వస్తే గరగరమనే కింది స్వరం, వెండి వైపు వస్తే చక్కని పైస్వరం, తెరమీద ఒక అంకె. ఇప్పటి యంత్రాల్లో మనం చూసేది ఇదే.

నేల అడ్డం తిరిగిన కథ

కాగితం మీద కుదిరిన ఈ లెక్క పొలంలో కుదరలేదు. మట్టిలోనే ఇనుముంది మరి. మాగ్నటైట్ లాంటి ఖనిజాలు కలిసిన నేల మీద యంత్రాన్ని తిప్పితే ఎక్కడ చూసినా ఇనుమే అన్నట్టు పలుకుతుంది. మన తెలుగు నేలలు ఇందుకు మంచి ఉదాహరణ. రాయలసీమ, తెలంగాణల్లోని ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చిందే ఐరన్ ఆక్సైడ్. ఆదిలాబాద్ వైపు దక్కన్ బసాల్టు రాయిలో మాగ్నటైట్ కణాలుంటాయి. భీమునిపట్నం తీరంలో నల్లగా మెరిసే ఇసుకలో ఇల్మనైట్‌తో పాటు అదీ ఉంటుంది.

1970 దశకం మొదట్లో నేలను మరిచిపోయే యంత్రాలు వేరుగానూ, ఇనుమును వేరుచేసే యంత్రాలు వేరుగానూ వచ్చాయి. రెండూ ఒకేసారి చేయగలిగినది రాలేదు. ఆ ముడి ఆ దశకం చివరికి విడిపోయింది. విప్పిన ఇంజనీర్లలో అమెరికాకు చెందిన జార్జ్ పేన్ ముఖ్యుడు. కిటుకు చేతి కదలికలో ఉంది. తీగచుట్టను నేలమీదుగా ఊపుతున్నప్పుడు నేల సంకేతం నెమ్మదిగా మారుతుంది. నాణెం మీదుగా వెళ్ళినప్పుడు సంకేతం చటుక్కున లేచి పడుతుంది. నెమ్మదిగా మారేదాన్ని వడగట్టి, చటుక్కున మారేదాన్నే తీసుకుని దాని ఆలస్యం కొలిస్తే సరి. అందుకే ఈ రకం యంత్రాన్ని ఒకచోట ఆపి పట్టుకుంటే మూగబోతుంది, ఊపుతూనే ఉండాలి. 1990ల్లో ఆస్ట్రేలియాలోని మైన్‌ల్యాబ్ వంటి సంస్థలు ఒకేసారి అనేక పౌనఃపున్యాలు పంపే పద్ధతిని తెచ్చాయి. తక్కువ పౌనఃపున్యంలో ఇనుము అయస్కాంత గుణం పైచేయి అవుతుంది, ఎక్కువలో సుడి కరెంట్లు బలపడతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇనుము తన్ను తానే పట్టిస్తుంది.

పోయిన సుత్తి, దొరికిన రోమ్

1992 నవంబర్ 16న ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లా హాక్స్‌న్ గ్రామంలో పీటర్ వాట్లింగ్ అనే రైతు తన సుత్తి పొలంలో ఎక్కడో పోయిందని మిత్రుడు ఎరిక్ లాస్‌ను పిలిచాడు. లాస్ దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. వెదికింది ఇనుప సుత్తి కోసం, యంత్రం పలికింది మాత్రం వెండికీ బంగారానికీ. కొన్ని సంచుల నిండా నాణేలు, వెండి గరిటెలు, నగలు తీశాక లాస్ తవ్వడం ఆపేశాడు. అధికారులకు కబురు పంపాడు. పురావస్తు శాఖవాళ్ళు వచ్చి మిగతాది అడ్డూ నిలువూ కొలుచుకుంటూ తవ్వారు. లెక్క తేలితే 14,865 రోమన్ నాణేలు. అందులో 569 బంగారువి, 14,272 వెండివి, 24 కంచువి. అన్నిటికంటే కొత్త నాణేలు క్రీ.శ. 407-408 నాటివి. రోమ్ బ్రిటన్‌ను వదిలి వెళ్తున్న కాలంలో ఎవరో సంపన్నులు ఓక్ పెట్టెలో సర్ది పాతిపెట్టిన సొత్తు అది. ఆ నిధిలో రాణి రూపంలో ఉన్న వెండి మిరియాల డబ్బా కూడా ఉంది. మిరియం పండేది మన మలబారు తీరంలో!

లాస్ ఆగి కబురు పంపినందుకే పెట్టెలో ఏది ఎక్కడ సర్దారో తెలిసింది. ఆయన ఆగకపోయి ఉంటే బంగారం ఉండేది, చరిత్ర చెల్లాచెదురయ్యేది. రైతు సుత్తి కూడా దొరికింది. ఇప్పుడది నిధితోపాటు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

యంత్రం పొరబడే చోట్లు

ఇంత విద్య వచ్చినా యంత్రం తప్పులు చేస్తుంది. అవి ఎందుకు జరుగుతాయో తెలిస్తేనే దాని మాటకు విలువ కట్టగలం. సోడా సీసా మూత ఉక్కుదే అయినా పలచగా, వెడల్పుగా ఉంటుంది. అందులో సుడి కరెంట్లు పెద్దవై జవాబును 90 డిగ్రీల గీత దాటిస్తాయి. గుర్రపు నాడా లాంటి వంకీలూ, పెద్ద ఇనుప పలకలూ అంతే, ఒక్కోసారి వెండిలా పలుకుతాయి. మేకు పక్కనే వెండి నాణెం ఉంటే మేకు గొంతులో నాణెం గొంతు మునిగిపోతుంది. కూల్‌డ్రింకు డబ్బాల అల్యూమినియం రింగులూ బంగారు ఉంగరాలూ ఒకే ఆలస్యంతో పలుకుతాయి, రింగులు వద్దనుకుంటే ఉంగరాలనూ వదులుకోవలసిందే.

మన ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. వంటింట్లో అయస్కాంతం అంటుకోని రకం స్టీలు గిన్నె తీసుకోండి. దానిలో సగానికి పైగా ఇనుమే. అయినా మెటల్ డిటెక్టర్ దాన్ని ఇనుముగా లెక్కించదు. మన ఇప్పటి స్టీలు రూపాయి బిళ్ళ అయస్కాంతానికి అంటుకుంటుంది కనక ఇనుము వైపు లాగుతుంది. 1980ల నాటి రాగి-నికెల్ రూపాయి అలా లాగదు. అంటే యంత్రం వెదికేది ఇనుమనే మూలకాన్ని కాదు, అయస్కాంతంగా మారే గుణాన్ని. మనం ఇనుమని పిలిచేదీ, యంత్రం ఇనుమని వినేదీ అన్నిచోట్లా ఒకటి కావు.

తుప్పును చెత్త అనవచ్చా?

ఇంతదాకా చెప్పుకున్నది యంత్రం సామర్థ్యం గురించి. ఇప్పుడు మనిషి నిర్ణయం గురించి. ఇనుమును వదిలెయ్యమని మీట తిప్పిన క్షణంలో మనం చరిత్రలో ఒక భాగాన్ని వద్దంటున్నాం.

హాక్స్‌న్ ఉన్న సఫోక్‌లోనే సట్టన్ హూ అనే చోటు ఉంది. 1939లో ఎడిత్ ప్రెట్టీ అనే భూయజమానురాలు కోరగా బేసిల్ బ్రౌన్ అక్కడి దిబ్బ తవ్వాడు. మొదట దొరికినవి తుప్పుపట్టిన ఇనుప రివెట్లు. వాటిని కదపకుండా, వరస చెడకుండా చుట్టూ మట్టి తీస్తూ పోయాడు. కొయ్య అంతా ఎప్పుడో కుళ్ళిపోయింది, అయినా రివెట్ల వరసలు 27 మీటర్ల ఓడ ఆకారాన్ని కళ్ళముందు పెట్టాయి. ఆ ఓడలోనే ఆంగ్లో-సాక్సన్ రాజు బంగారం దొరికింది. ఇనుము చెత్త అనుకుని పెరికేసి ఉంటే ఓడే ఉండేది కాదు.

మన దగ్గరికొస్తే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో జనం రాకాసి గుళ్ళు అని పిలిచే బృహత్‌శిలా సమాధులు ఎన్నో ఉన్నాయి. వాటిలో కత్తులు, బల్లెం మొనలు, కొడవళ్ళు దొరుకుతాయి. అన్నీ ఇనుమే. ఆ కాలానికి ఇనుపయుగం అన్న పేరు వచ్చిందే వాటితో. ఇప్పుడు గుప్తనిధుల ఆశతో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పాత గుళ్ళను, కోటలను, సమాధులను తవ్వుతూ పట్టుబడినవాళ్ళ వార్తలు తరచూ చదువుతున్నాం. వాళ్ళకు బంగారం దొరకడం అరుదు. వాళ్ళు విసిరికొట్టిన తుప్పు ముక్కల్లోనే మూడు వేల ఏళ్ళ కిందటి కమ్మరి పనితనం ఉంటుంది. అది మళ్ళీ దాని చోటికి చేరదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువకు మించినది దొరికితే కలెక్టరుకు తెలపాలి. చట్టం విలువను రూపాయల్లో కొలుస్తుంది. తుప్పుపట్టిన బల్లెం మొనకు సంతలో పది రూపాయలు రాకపోవచ్చు, చరిత్రకు మాత్రం అది నాణెం కంటే ఎక్కువ చెబుతుంది.

మందుపాతరలు తీసేవారి లెక్క వేరు. ప్లాస్టిక్ మందుపాతరలో ఉండే లోహం ఒక సన్నని సూది అంత. దాన్ని పట్టేంత సున్నితంగా యంత్రాన్ని పెడితే నేలలో ఉన్న ప్రతి మేకూ మోగుతుంది. ఒక్క మందుపాతర కోసం వందల మేకులు తవ్వవలసి రావడం మామూలే. వాళ్ళు ఇనుము వద్దని మీట తిప్పలేరు. ఆ సూది ఉక్కుదే కావచ్చు.

నిధి వెదికేవాడికి ఇనుము అడ్డు, పురావస్తు పరిశోధకుడికి సాక్ష్యం, మందుపాతర తీసేవాడికి ప్రాణాపాయం. 1881లో బెల్ అడిగిన ప్రశ్నకు యంత్రం ఇప్పుడు చాలామటుకు జవాబు చెబుతోంది. దేన్ని తియ్యాలి, దేన్ని కదపకుండా ఉంచి నిపుణుల్ని పిలవాలి అన్నది మాత్రం ఇప్పటికీ దాన్ని పట్టుకున్న మనిషే తేల్చుకోవాలి. ఎరిక్ లాస్, బేసిల్ బ్రౌన్ ఇద్దరూ ఆ పరీక్షలో నెగ్గారు. మన రాకాసి గుళ్ళ దగ్గర కూడా అలా ఆగగలిగిన చేతులే కావాలి.

వచ్చే భాగంలో: లోహాన్ని వినే యంత్రాలు వచ్చాయని తెలియగానే జర్మన్లు కొయ్యతో, గాజుతో మందుపాతరలు చేయడం మొదలుపెట్టారు. లోహమే లేని చోట యంత్రం దేన్ని వినాలి? భూమిలోకి రేడియో తరంగాలు పంపిన రాడార్లు, మందుగుండు వాసన పట్టిన కుక్కలు, ఎలుకల కథ.